ఫ్యూరర్‌కు ‘ఎదురు’ పనిచేయడమా?

ప్రశ్న: ప్రష్యా వ్యవసాయ శాఖలో కార్యదర్శి విల్లికెన్స్ 1934 ఫిబ్రవరి 21న అన్న మాట సగమే గుర్తుంది. అన్నీ పైనుంచి ఆజ్ఞాపించడం ఫ్యూరర్‌కు (హిట్లర్‌కు) కుదరదు కనుక ప్రతివాడూ ఆయనకు... ఆ చివరి జర్మన్ క్రియ ‘ఎంట్‌గేగెన్‌ఆర్బైటెన్’. హిట్లర్ చరిత్రకారుడు ఇయాన్ కెర్షా తన వాదమంతా దానిమీదే నిలిపాడు. తెలుగులో ‘అనుగుణంగా పనిచేయడం’ అంటే చప్పగా ఉంది. దానికి సరైన తెలుగు మాట ఏది?

మాస్టారు: ‘ఎంట్‌గేగెన్’ అచ్చంగా మన ‘ఎదురు’. ఎదురేగడం, ఎదురుతిరగడం, రెండూ అందులో ఉన్నాయి. ‘ఎదురేగి పనిచేయడం’ అనండి.

అక్క: ఎదురేగడం మర్యాద మాట మాస్టారూ, ఆ పాలనకు దాన్ని ఇవ్వలేను. ‘మనసెరిగి పనిచేయడం’ చాలు. పోతన పరివారం కూడా అంతే కదా! ‘సిరికిం జెప్పఁడు... పరివారంబును జీరఁడు’. ఎవరూ పిలవలేదు, అందరూ కదిలారు.

మాస్టారు: అక్కడ ‘తనవెంటన్ సిరి’ అమ్మా. ‘వెంట’ అన్నాడు మహానుభావుడు. ముందు స్వామి, వెనుక లక్ష్మి, ఆ వెనుక అంతఃపురం. ఆ వరుసలో ఒక్క పదం కదిపితే పద్యం కూలిపోతుంది. విల్లికెన్స్ మాటలో కిందివాడే ముందు కదులుతాడు. గజేంద్రుడి దగ్గరికి వీళ్ళను తేకండి.

మరో సభ్యుడు: మీరిద్దరూ పాలనను కిందివాళ్ళే నడిపారనే చరిత్రకారుడు మొమ్సెన్ పక్షానికే జారుతున్నారు. 1966లో ఆయన అన్న ‘బలహీన నియంత’ను నేను ఒప్పుకోను. రోగుల హత్యకు అనుమతి పత్రంపై 1939 అక్టోబరులో సంతకం చేసి, సెప్టెంబరు 1 తేదీ వేసింది హిట్లరే కదా?

అక్క: ఆ పత్రం భాష చూడండి. ‘చంపండి’ అని లేదు. పేర్కొన్న వైద్యుల అధికారాన్ని విస్తరించే బాధ్యత హిట్లర్ కార్యాలయ అధిపతి బూలర్‌కు, ఆయన వైద్యుడు బ్రాంట్‌కు అప్పగించింది. ఎంత దూరమన్నది కిందివాళ్ళకే వదిలింది.

అదే సభ్యుడు: వదిలిన చేయి ఎవరిది? 1938 ఫిబ్రవరి తర్వాత మంత్రివర్గం సమావేశమే కాలేదు. అందరూ ఆయన గుమ్మంలోనే నిలబడ్డారంటే అది బలహీనతా?

మాస్టారు: కెర్షా అందుకే, అంతా హిట్లరే నడిపాడనే పక్షాన్నీ కిందివాళ్ళే నడిపారనే పక్షాన్నీ ఈ ఒక్క క్రియతో కలిపాడు. విల్లికెన్స్ ప్రసంగం చివరిదాకా చదవండి: ఆయన దారిలో, ఆయన గమ్యం వైపు పనిచేసినవాడికి ఏదో ఒకనాడు తన పని హఠాత్తుగా చట్టమై బహుమానంగా దక్కుతుందని చెప్పాడు. అంటే అటునుంచీ ఒకరు రావాలి. ఎదురుకోలులో రెండు పక్షాలూ కదులుతాయి. ‘మనసెరిగి’లో ఆ రెండో రాక లేదు.

అక్క: ‘హఠాత్తుగా’ అన్నాడంటే అది రాకపోవచ్చు కూడా. ఎదురుకోలులో ఆ అనుమానం ఎక్కడుంది మాస్టారూ? నేను ‘మనసెరిగి’ మార్చను.