అమెరికాలో మా అబ్బాయి సెక్యూరిటీ క్లియరెన్సుకు ఇక్కడి మా బంధుత్వాలు అడ్డమా?

ప్రశ్న (కావలి నుంచి):
నమస్కారం. నేను రాష్ట్ర జలవనరుల శాఖలో పనిచేసి పదవీ విరమణ చేశాను. అమెరికా పౌరసత్వం తీసుకున్న మా అబ్బాయికి అక్కడి రక్షణ శాఖ పనులు చేసే కంపెనీలో ఉద్యోగం వచ్చింది గానీ, క్లియరెన్సు (రహస్య సమాచారం చూసేందుకు అక్కడి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) వస్తేనే చేర్చుకుంటారట. ఆ దరఖాస్తులో మా దంపతుల వివరాలే కాక, వాడి అత్తమామల వివరాలు, నా సర్కారు కొలువు సంగతి కూడా అడిగారు. నా పేరిట జువ్వలదిన్నె వైపు నాలుగెకరాల రొయ్యల గుంటలున్నాయి. అన్నీ రాస్తే వచ్చిన ఉద్యోగం చేజారుతుందని, కొన్ని వదిలేయమని మా వియ్యంకుడు గారు అంటున్నారు. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (స్వస్థలం ఒంగోలు, ప్రస్తుతం వర్జీనియా):
అయ్యా, ఆ సలహా మాత్రం పాటించవద్దు. ఎస్ఎఫ్-86 అనే ఆ దరఖాస్తులో తెలిసి అబద్ధమాడితే ఐదేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరమవుతుంది. పైగా బంధువులున్నారన్న విషయం కంటే దాన్ని దాచారన్న విషయమే క్లియరెన్సుకు ఎక్కువ చేటు చేస్తుంది. క్లియరెన్సు ఇవ్వాలా వద్దా అని తేల్చడానికి 2017 జూన్ 8 నుంచి అమల్లో ఉన్న 13 మార్గదర్శకాలలో 'బి' అన్నది విదేశీ ప్రభావానికి సంబంధించినది. విదేశంలో తల్లిదండ్రులుండటాన్ని అది తప్పుగా చూడదు. వారు ఏ దేశంలో ఉన్నారు, ఏ పనిలో ఉన్నారు, వారిని అడ్డుపెట్టుకుని మీ అబ్బాయిపై ఒత్తిడి తేవడానికి ఎవరికైనా వీలుందా అన్నదే చూస్తుంది. కాలువల శాఖలో చేసి పింఛను తీసుకుంటున్న తండ్రి వేరు, నిఘా సంస్థలో పనిచేసే తండ్రి వేరు.

జవాబు (నెల్లూరు, మా అక్క కుటుంబం ఈ దారిలో నడిచింది):
పై మిత్రుడు చెప్పింది నిజమే గానీ, అంత తేలిక అనుకోకండి. రోజూ రాత్రి అమ్మతో మాట్లాడే కొడుకు 'ఎప్పుడో ఒకసారి పలకరిస్తుంటాను' అంటే చెల్లదు. కన్నవారితో సంబంధాన్ని నామమాత్రమని అక్కడివారు ఒప్పుకోరు, భార్య పుట్టింటివారి మీదా మమకారం ఉంటుందనే అనుకుంటారు. అందువల్ల ఇక్కడి బంధాన్ని తక్కువ చేసి చూపడం కంటే, ఇల్లు, పొదుపు, పిల్లల చదువు అన్నీ అమెరికాలోనే వేళ్లూనుకున్నాయని కాగితాలతో చూపడం మేలు. అనుమానం మిగిలితే దేశ భద్రత వైపే మొగ్గాలన్నది వారి నియమం. క్లియరెన్సు ఎవరికీ హక్కు కాదని 1988లో ఈగన్ కేసులో అక్కడి సుప్రీంకోర్టే చెప్పింది. అభ్యంతరాల నోటీసు వస్తే గడువులోగా ఒక్కొక్క అంశానికీ జవాబు రాసి, న్యాయాధికారి ముందు విచారణ కోరవచ్చు.

జవాబు (సూళ్లూరుపేట, శ్రీహరికోట రాకెట్ కేంద్రం 'షార్' విశ్రాంత ఉద్యోగి):
ఇది అమెరికా వారి చాదస్తమే అనుకోకండి. 1964 నాటి మన కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళిలోని 21వ నియమం ప్రకారం ఉద్యోగి విదేశీయులను పెళ్లాడితే వెంటనే ప్రభుత్వానికి తెలపాలి. ఇంకొక మాట: ఈ భయంతో గుంటలను హడావుడిగా వేరేవారి పేరిట రాయకండి, దరఖాస్తు వేళ జరిగిన బదిలీయే కొత్త ప్రశ్నలకు దారి తీస్తుంది.

ప్రశ్నించినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నా పింఛను ఉత్తర్వు నకలు, గుంటల పాస్‌బుక్కు నకలు ఈ రాత్రే వాడికి పంపుతున్నాను. వియ్యంకుడు గారి పుట్టిన తేదీ కూడా కావాలట. అది ఆయననే అడగాలి, ఎలా అడగాలో ఆలోచిస్తున్నాను.