అర్జెంట్: రేపు మధ్యాహ్నానికి సూపు, ఫ్రైడ్ రైస్ బాగుండే చైనీస్ హోటల్ చెప్పండి

విసిగిన_అల్లుడు (శనివారం, రాత్రి 9:50)

మూడు గంటలైంది ఈ ఫోను పట్టుకుని. యాప్‌లో 4.3 ఉన్న హోటల్ కింద ‘సూపు వేడినీళ్ళలా ఉంది’ అని ఒకడు, ‘అమృతం’ అని ఇంకొకడు. ఎవణ్ణి నమ్మాలి? ఫొటోలు చూస్తే అన్ని చోట్లా అదే ప్లేటు, అవే ఉల్లికాడలు.

పోయిన నెల ఇలాగే రేటింగ్ చూసి ఒకచోటికి వెళ్ళాం. పేరెందుకులెండి. హాట్ అండ్ సోర్ అని తెచ్చింది చెంచాతో ఎత్తితే తీగలా సాగింది. సినిమా పోస్టర్లు అంటించే మైదా జిగురు గుర్తొచ్చింది. ఫ్రైడ్ రైస్ తిన్నాక ప్లేటు కాస్త వంచితే నూనె ఓ మూలకి చేరింది. బిల్లు 1,480.

రేపు మా మామగారిని తీసుకెళ్ళాలి. ఆయనకి సూపు, ఫ్రైడ్ రైస్, ఈ రెండే. మిగతావి ఎలా ఏడ్చినా పర్లేదు. ఒక్క పేరు చెప్పండి చాలు. ‘ఇంకా తేలలేదా’ అని మా ఆవిడ పక్కగదిలోంచి రెండుసార్లు అడిగింది.

పాత_సికిందరాబాదీ (9:58)

ఇంత ఆలోచన దేనికండీ, పార్క్ లేన్‌లో నాన్‌కింగ్. మా నాన్నగారు జీతం రాగానే మమ్మల్ని నలుగురినీ అక్కడికే తీసుకెళ్ళేవారు. చికెన్ స్వీట్ కార్న్ సూపు వన్ బై టూ చెప్పి రెండు కప్పుల్లో తెప్పిస్తే, ఏ కప్పులో కోడిముక్కలు ఎక్కువ పడ్డాయా అని నేనూ మా అన్నయ్యా కొట్టుకునేవాళ్ళం. అప్పట్లో సికిందరాబాద్‌లో బయట భోజనం అంటే ఇరానీ లేదా చైనీస్. యాప్‌లు లేవు, చుక్కలు లేవు. ఇప్పుడు వంట ఎలా ఉందో వెళ్ళినవాళ్ళే చెప్పాలి, నేను హైదరాబాద్ వదిలి చాలా ఏళ్ళైంది. మామూలు రోజుల్లో అక్కడ కంప్యూటర్ షాపుల రద్దీ. ఆదివారం బండి పెట్టుకోడానికి కాస్త నయం.

ఒక్కముక్క (10:01)

ఏ ఊరు?

విసిగిన_అల్లుడు (10:03)

హైదరాబాదే కదండీ, ఇంకెక్కడ. ఏఎస్ రావు నగర్.

ఒక్కముక్క (10:04)

చెప్తే కదా తెలిసేది.

పదం_ప్రాణం (10:11)

చిన్న సవరణ. మీరు అడుగుతున్నది చైనీస్ కాదు, ఇండో-చైనీస్. మంచౌ సూపు మంచూరియాలో ఎవరికీ తెలియదు, అది మన దేశంలో పుట్టింది. మంచూరియన్ కూడా అంతే. కలకత్తాలో పుట్టిన చైనా సంతతి వంటవాడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్‌లో మొదట చేశాడంటారు. అల్లం వెల్లుల్లి పచ్చిమిర్చి తాలింపు వేసి, గరం మసాలా మానేసి సోయా సాసు, కార్న్‌ఫ్లోర్ కలిపాడట. మనం ‘షెజ్వాన్’ అంటున్నది సిచువాన్ రాష్ట్రం పేరు. అక్కడి మిరియం నాలుకని తిమ్మిరెక్కిస్తుంది, మన షెజ్వాన్‌లో అది వెతికినా దొరకదు, ఎండుమిర్చి వెల్లుల్లి కారమే. హక్కా నూడుల్స్‌లో హక్కా అంటే కలకత్తా టాంగ్రాలో తోళ్ళు శుద్ధి చేసే పని పెట్టుకుని స్థిరపడ్డ చైనావాళ్ళ తెగ పేరు. ఇంకోటి. ‘హోటల్’ అంటే బస చేసేది. మీకు కావలసింది రెస్టారెంటు.

గల్లీ_గాడు (10:14)

మా దిక్కు అన్నం తినే జాగను హోటలే అంటరన్నా. నువ్వు పండనీకి పోతవా, పో.

పదం_ప్రాణం (10:16)

వాడుక ఉన్నంత మాత్రాన సరైనదైపోదు.

గల్లీ_గాడు (10:17)

వాడుకలున్నదే భాష. అల్లుడన్నా, నువ్వు ఇవన్నీ పట్టించుకోకు. మా గల్లీ మొగదల బండి ఉంటది, 80 రూపాయలకు ఎగ్ ఫ్రైడ్ రైస్, ఒక్కడు తినలేడు. మంట ఇట్ల లేస్తది, కళ్ళ ముంగటనే చేస్తడు. ఏసీ హోటల్ల తెర ఎనక ఏం చేస్తున్నరో నీకెట్ల తెలుస్తది?

ఒక్కముక్క (10:18)

మామగారిని బండి దగ్గర నిలబెట్టాలా?

కడాయి_మాస్టర్ (10:31)

నేను కిచెన్‌లో 11 ఏళ్ళు చేశా, అందులో ఏడేళ్ళు చైనీస్ సెక్షనే. పేరు చెప్పను. ఎందుకంటే మాస్టర్ మారితే హోటల్ మారిపోయినట్టే, బోర్డు మాత్రం అదే ఉంటుంది. పేరు కన్నా టైము చూసుకోండి.

ఫ్రైడ్ రైస్‌కి అన్నం పలుకుగా వండి, వార్చి, ట్రేలో పల్చగా పరిచి ఆరబెడతాం. తడి ఉంటే కడాయిలో వేగదు, ఉడుకుతుంది. ఒక కడాయిలో రెండు ప్లేట్లు వేస్తే ప్రతి మెతుకూ ఇనుముకి తగిలి ఆ పొగ వాసన పడుతుంది, కాంటనీస్ వాళ్ళు వోక్ హే అంటారు దాన్ని. ఆదివారం ఒంటిగంటన్నరకి పది ఆర్డర్లు మీద పడ్డాయనుకోండి, ఎంత మంచి మాస్టరైనా ఆరు ప్లేట్లది ఒకేసారి దింపుతాడు. మంట ఎంత పెట్టినా అంత అన్నం పడేసరికి కడాయి చల్లారిపోతుంది. అడుగంటకుండా నూనె పోస్తాడు. మీ ప్లేటు మూలకి చేరింది ఆ నూనే. అదే హోటల్లో 12:15కి కూర్చుని చూడండి, వేరే వంటలా ఉంటుంది.

కిచెన్ తలుపుకి దగ్గర టేబుల్ దొరికితే చెవి పెట్టండి. గరిట ‘టకటకటక’ అని రెండు నిమిషాలు ఆపకుండా మోగి, గిన్నెలోకి దించిన చప్పుడు వస్తే ఆ ప్లేటు అప్పటికప్పుడు చేసింది. చప్పుడే లేకుండా ఐదు నిమిషాల్లో ప్లేటు వచ్చిందా, పొద్దున వేయించి పెట్టినదానికి వేడి తగిలించారు.

సూపుకైతే ముందు ఒక క్లియర్ సూప్ వన్ బై టూ చెప్పండి. చిక్కటి సూపులో స్టాక్ ఎలా ఉన్నా కార్న్‌ఫ్లోర్, సాసులు కప్పేస్తాయి. క్లియర్ సూపుకి ఆ ముసుగు లేదు. ఒక గుక్కలో తెలిసిపోతుంది, ఎముకలు రెండు మూడు గంటలు మరిగాయా, లేక పంపు నీళ్ళలో క్యూబు కలిపారా అని. ఇంకా ముందే తెలియాలంటే టేబుల్ మీద వెనిగర్‌లో వేసిన పచ్చిమిర్చి ముక్కలు చూడండి. పచ్చగా ఉంటే ఇవాళ్టివి. పాచి రంగుకి తిరిగితే వంటగదిలో మిగతావీ అలాగే ఉంటాయి.

విసిగిన_అల్లుడు (10:38)

మాస్టర్‌గారూ, చాలా బాగా చెప్పారు. ఎముకలంటే గుర్తొచ్చింది. మామగారు ప్యూర్ వెజ్. గుడ్డు కూడా ముట్టరు.

ఒక్కముక్క (10:39)

ఇది మొదట చెప్పాల్సింది.

విసిగిన_అల్లుడు (10:40)

మామగారు అన్నాను కదా, అర్థమవుతుందనుకున్నా.

గల్లీ_గాడు (10:41)

మా మామ రెండు కోళ్ళు తింటడన్నా, ఎట్ల అర్థమైతది?

కడాయి_మాస్టర్ (10:46)

అయితే కథ మారింది. వెజ్, నాన్‌వెజ్ కలిసి నడిచే చోట ఉన్నమాట చెప్తా, తిట్టుకోకండి. వెజ్ సూపుకి వేరే స్టాక్ పెట్టేవాళ్ళు ఉన్నారు, పెట్టనివాళ్ళూ ఉన్నారు. కడాయి మాత్రం అదే. ఎగ్ రైస్ దించాక నీళ్ళు కొట్టి, చీపురులాంటి బ్రష్‌తో ఒక్క తిప్పు తిప్పి, వెజ్ రైస్ వేస్తారు. గరిటా అదే. కొన్ని సాసుల్లో ఆయిస్టర్, అంటే ఆల్చిప్ప మాంసం, ఉంటుంది. పట్టింపు ఉన్న పెద్దాయనని అలాంటిచోటికి తీసుకెళ్ళకండి.

ప్యూర్ వెజ్ హోటళ్ళలో పెద్దవాటికి చైనీస్ సెక్షన్ ఉంటుంది. కానీ చాలాచోట్ల మధ్యాహ్నం మీల్స్ నడుస్తాయని ఆ కౌంటరు సాయంత్రమే తెరుస్తారు. పొద్దున పదకొండుకి ఫోన్ చేసి ‘మధ్యాహ్నం చైనీస్ ఉందా’ అని అడిగాకే బయల్దేరండి. వెళ్ళి కూర్చున్నాక ‘మీల్సే ఉన్నాయి సార్’ అంటే మామగారి ముందు మీ మొహం ఎక్కడ పెట్టుకుంటారు?

పాత_సికిందరాబాదీ (10:49)

అయ్యో, నేను చెప్పింది పనికిరాలేదన్నమాట. ఆ స్వీట్ కార్న్ సూపు మాత్రం మర్చిపోలేను.

వంటిల్లే_వైద్యం (10:55)

ఎవరూ అసలు సంగతి మాట్లాడట్లేదు. టేస్టింగ్ సాల్ట్! ఆ అజినొమోటో లేకుండా ఒక్క చైనీస్ హోటల్ చూపించండి. మా చెల్లెలికి తిన్న ప్రతిసారీ తలనొప్పి. అది చైనావాళ్ళు కనిపెట్టిన విషం. పెద్దాయనకి ఇంట్లోనే క్యారెట్ సూపు పెట్టండి, నేను విధానం రాస్తాను. ముందు రెండు క్యారెట్లు, ఒక టమాటా తీసుకుని

ల్యాబ్_కోటు (11:02)

ఆగండమ్మా. అది చైనావాళ్ళది కాదు, జపాన్‌ది. 1908లో టోక్యోలో ఇకెడా అనే కెమిస్ట్రీ ప్రొఫెసర్ కొంబు అనే సముద్రపు నాచుతో కాచిన పులుసుకి ఆ రుచి ఎక్కణ్ణుంచి వస్తోందో వెతికితే గ్లుటమేట్ దొరికింది, టేస్టింగ్ సాల్ట్‌లో ఉండేది అదే. అజినొమోటో అనేది కంపెనీ పేరు. భయం 1968లో మొదలైంది, అమెరికాలో ఒక డాక్టరు మెడికల్ జర్నల్‌కి ఉత్తరం రాశాడు, చైనీస్ హోటల్లో తింటే మెడ తిమ్మిరెక్కుతోంది, ఎందుకో అని. ఆయన చెప్పిన కారణాల్లో అదొకటి, అంతే. తర్వాత ఏది తింటున్నారో తెలియకుండా ఇచ్చి చేసిన పరీక్షల్లో మామూలు మోతాదుకి అది స్థిరంగా రుజువు కాలేదు. మీరు క్యారెట్ సూపులో వేస్తున్న టమాటాలోనూ గ్లుటమేట్ ఉంది.

భయపడాలంటే అన్నం గురించి భయపడండి. వండిన అన్నం బయట గంటల తరబడి ఉంచితే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. దాని బీజాలు అన్నం ఉడికినా చావవు, అది వదిలే విషం మళ్ళీ వేయించినా పోదు. ఆరబెట్టిన అన్నం వెంటనే ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి. ఇందాక బండి అన్నవారు ఇది చదవాలి.

గల్లీ_గాడు (11:05)

చదివిన. ఆరేండ్ల సంది తింటున్న, ఏం కాలె.

వంటిల్లే_వైద్యం (11:07)

మా చెల్లెలి తలనొప్పి జర్నల్ చూసి రాదండీ.

ల్యాబ్_కోటు (11:08)

రాదనలేదు. దానివల్లే అని ఎలా అనుకున్నారని అడుగుతున్నా.

విసిగిన_అల్లుడు (11:15)

దయచేసి మీరిద్దరూ వేరే చోట. ఇంకోటి చెప్పడం మర్చిపోయా, మామగారికి పోయిన నెలే కట్టుడు పళ్ళు పెట్టారు, ఇంకా అలవాటు పడలేదు. అందుకే సూపు, ఫ్రైడ్ రైస్ అన్నది. బీపీ ఉంది. మోకాళ్ళు, మెట్లెక్కలేరు.

ఒక్కముక్క (11:16)

ఇంకేమైనా మిగిలాయా?

విసిగిన_అల్లుడు (11:17)

వెల్లుల్లి కూడా పెద్దగా పడదు.

కడాయి_మాస్టర్ (11:29)

మీ ఆవిడ రెండుసార్లే అడిగిందంటే ఓపికమంతురాలు.

సరే. మంచౌ వద్దు. పైన చల్లే వేయించిన నూడుల్స్ కట్టుడు పళ్ళ కింద ఇరుక్కుంటాయి, సోయా కూడా బాగా పడుతుంది. హాట్ అండ్ సోర్‌లోనూ అంతే. స్వీట్ కార్న్ వెజ్ చెప్పండి, మామూలుగా దాంట్లో సోయా వెయ్యరు. ఉప్పు సగం వెయ్యమని ఆర్డర్ రాసుకునేటప్పుడే చెప్పాలి, వచ్చాక చెప్తే నీళ్ళు కలిపి తెస్తారు. లెమన్ కొరియాండర్ కూడా తేలిగ్గా ఉంటుంది. వెల్లుల్లి ఎటూ మానమనండి.

రైస్‌లో బీన్సు, క్యారెట్ సన్నగా తరిగి ఒక నిమిషం ఉడికించి వెయ్యమనండి. ‘లైట్ సోయా వెయ్యండి’ అని మాత్రం అనకండి. డార్క్ రంగుకి, లైట్ ఉప్పుకి. లైట్‌లోనే ఉప్పు ఎక్కువ. ‘సోయా లేకుండా, మిరియాల పొడితో తెల్లగా’ అనండి.

ల్యాబ్_కోటు (11:34)

మాస్టర్‌గారు చెప్పిన లైట్ సోయా మాట నిజం. పెద్ద చెంచాడు సోయా సాసులో దగ్గర దగ్గర 900 మిల్లీగ్రాముల సోడియం. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 2,000 దాటొద్దంటుంది. మొత్తం తిండికి కలిపి. అన్నట్టు టేస్టింగ్ సాల్ట్‌లో సోడియం మామూలు ఉప్పులో మూడో వంతే.

వంటిల్లే_వైద్యం (11:36)

మళ్ళీ మొదలుపెట్టారు.

విసిగిన_అల్లుడు (11:41)

ఇంకో డౌటు. పోయినసారి మా ఆవిడ సగం తాగి మూత పెట్టి పార్సెల్ తెచ్చిన సూపు ఇంటికొచ్చేసరికి నీళ్ళైపోయింది. అక్కడ జిగురు, ఇక్కడ నీళ్ళు. ఇదేం మాయ?

ల్యాబ్_కోటు (11:44)

ఎంగిలి. లాలాజలంలో పిండిని విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది. నోట్లో పెట్టిన చెంచా మళ్ళీ గిన్నెలో ముంచితే కార్న్‌ఫ్లోర్ చిక్కదనం కాసేపట్లో జారిపోతుంది. పార్సెల్ చెయ్యాలనుకుంటే తాగకముందే వేరే కప్పులోకి తీసేయండి.

గల్లీ_గాడు (11:45)

ఎంగిలి అని మా నాయనమ్మ ఊకెనే అనలె.

పదం_ప్రాణం (ఆదివారం, ఉదయం 7:20)

‘మంచౌ’ అని రాస్తున్నారు అందరూ, నేనూ రాశాను. పలకడం ‘మాన్‌చావ్’కి దగ్గరగా ఉండాలి. మాంచూ అనే జాతి పేరు మీదుగా వచ్చిందనుకుంటే మరీ తేడా

ఒక్కముక్క (7:31)

ఆదివారం పొద్దున్నే.

విసిగిన_అల్లుడు (సాయంత్రం 4:25)

వెళ్ళొచ్చాం. 12:20కే కూర్చున్నాం, మాస్టర్‌గారు అన్నట్టే గరిట చప్పుడు వినపడింది. సూపు బాగుంది, ఆయన రెండోసారి తెప్పించుకున్నారు. రైస్ పర్లేదు, బీన్సు కొంచెం గట్టిగా ఉంటే ఏరి పక్కన పెట్టారు. థ్యాంక్స్ అందరికీ.

పాత_సికిందరాబాదీ (4:40)

సంతోషం. స్వీట్ కార్నేనా?

ఒక్కముక్క (4:41)

ఏ హోటల్?

వంటిల్లే_వైద్యం (5:15)

తలనొప్పి రాలేదా ఎవరికీ? రాత్రికి చూసి చెప్పండి.

ఒక్కముక్క (బుధవారం, రాత్రి 8:10)

మేమూ ఏఎస్ రావు నగరే. ఏ హోటలో చెప్పండి మహానుభావా.