రొయ్యల కౌంట్, నూలు కౌంట్, రక్తం కౌంట్: ఒకే మాటకు ఇన్ని లెక్కలా?

పంతులమ్మ_కోవూరు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు 'కౌంట్' అనే ఇంగ్లీషు మాట మీద ఒక పాఠం రాస్తున్నాను. నిఘంటువులో మొదటి అర్థం 'లెక్కించు'. అది చెప్పి వదిలేస్తే మన పిల్లలకు చాలదు, ఎందుకంటే ఈ మాట వాళ్ళకు బడిలో కన్నా ముందు ఇంట్లోనే తెలుసు. ఇందుకూరుపేట, అల్లూరు వైపు పిల్లలకు కౌంట్ అంటే రొయ్యలు. వెంకటగిరి మగ్గాల ఇళ్ళలో కౌంట్ అంటే నూలు. వానలు పడి జ్వరాలు మొదలైతే ఊరంతటికీ కౌంట్ అంటే ప్లేట్‌లెట్లు.

రొయ్యల్లో 100 కౌంట్ కంటే 40 కౌంట్‌కు ధర ఎక్కువ. నూలులో 40 కంటే 100 కౌంట్ ఖరీదు. ఇది ఎందుకు తిరగబడింది? ఆస్పత్రిలో 'కౌంట్ పడిపోయింది' అంటే దేని కౌంట్? 'కౌంట్ ఆన్ మీ' అన్నప్పుడు లెక్క ఎక్కడుంది? పనిలో ఉన్నవాళ్ళు ఎవరి సంగతి వాళ్ళు చెప్తే పాఠంలో తప్పు దొర్లకుండా ఉంటుంది.

గుంటకాడ_మనిషి

అమ్మా, రొయ్యల సంగతి నేను చెప్తా. కౌంట్ అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అది. అంతే. అందుకే అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది. 1000ని కౌంట్‌తో భాగిస్తే ఒక్క రొయ్య సగటు బరువు గ్రాముల్లో వస్తుంది: 100 కౌంట్ 10 గ్రాములు, 50 కౌంట్ 20, 40 కౌంట్ 25, 30 కౌంట్ 33 పైచిలుకు.

గుంటలో కౌంట్ చూసేది ఇట్ట. విసురు వల నాలుగైదు చోట్ల వేయాలి: గట్టు పక్కన ఒకటి, నడిమధ్య ఒకటి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్ల దగ్గర ఒకటి, తూము వైపు ఒకటి. రొయ్యల్ని చిల్లుల ట్రేలో పోసి నీళ్ళు పూర్తిగా ఓడనిచ్చి తూకం వేసి, తర్వాత ఎంచాలి. 2.4 కిలోల్లో 158 రొయ్యలు వచ్చాయనుకోండి, 158ని 2.4తో భాగిస్తే 65.8, అంటే 66 కౌంట్.

తప్పు జరిగేది మూడు చోట్ల. ఒకటి, నీళ్ళు ఓడకముందే కాటా మీద పెట్టడం. నీళ్ళ బరువు కూడా రొయ్య బరువైపోయి, కౌంట్ ఉన్నదానికన్నా బాగా కనపడుతుంది. పట్టుబడి రోజు, అంటే అమ్మకానికి రొయ్యలు పట్టే రోజు, కొనేవాళ్ళ కాటాలో అసలు కౌంట్ బయటపడి గొడవ మొదలవుతుంది. రెండు, గట్టు పక్కనే వల వేయడం. నలతగా ఉన్న రొయ్య, ఎదగని రొయ్య అంచుకే చేరుతుంది కాబట్టి అక్కడి కౌంట్ గుంట మొత్తానిది కాదు.

మూడోది లెక్కలో తప్పు, మీ పిల్లలకు బాగా పనికొస్తుంది. మొదటి వలలో 3 కిలోలకు 150 వచ్చాయి, అది 50 కౌంట్. రెండో వలలో కిలోకు 80 వచ్చాయి, అది 80 కౌంట్. రెండూ కలిపి సగం చేసి 65 అంటారు చాలామంది. అది తప్పు. మొత్తం రొయ్యలు 230, మొత్తం బరువు 4 కిలోలు, కౌంట్ 57.5. ఎప్పుడైనా రొయ్యల్ని రొయ్యలతో, బరువును బరువుతో కలిపి ఆ తర్వాతే భాగించాలి. కౌంట్‌లను కలపకూడదు.

సగటు కౌంట్ బాగున్నా సైజు తేడా ఉంటే ధర రాదు. కిలో 40 కౌంట్ సరుకూ, కిలో 80 కౌంట్ సరుకూ కలిస్తే లెక్కకు 60 కౌంటే, కానీ కళ్ళతో చూసినవాడు దాన్ని 60గా కొనడు. పొర వదిలిన మెత్తరొయ్యను కూడా విడిగా తీసి కోత పెడతారు.

పంతులమ్మ_కోవూరు

చాలా బాగా చెప్పారన్నా. ఇంకొకటి. ఎగుమతి పెట్టెల మీద 26/30 అని ఉంటుంది. మన దగ్గర ఆ సైజు రొయ్య అరుదు కదా?

గుంటకాడ_మనిషి

అది కిలో కౌంట్ కాదమ్మా, పౌండు కౌంట్. పైగా తలతీసిన రొయ్యకు. 26/30 అంటే తల లేని రొయ్యలు పౌండుకు, అంటే 453.6 గ్రాములకు, 26 నుంచి 30 దాకా తూగుతాయని. తల తీస్తే వనామీ (మన గుంటల్లో పెంచే రొయ్య రకం) బరువులో మూడో వంతు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువే పోతుంది. గుంట గట్టు మీద 40 కౌంట్ రొయ్య 25 గ్రాములు, తల తీస్తే 16 గ్రాముల పైన మిగులుతుంది. 453.6ని 16.2తో భాగించండి, 28 వస్తుంది. అంటే మన 40 కౌంటే ఆ పెట్టెలో 26/30 అవుతుంది. యూ-15 అని రాసుంటే 'అండర్', పౌండుకు 15 లోపు అని. తలతో పాటు గడ్డకట్టించి పంపే సరుకుకు మాత్రం కిలో లెక్కే, 30/40, 40/50 అని రాస్తారు. కాబట్టి పెట్టె మీద అంకె చూసే ముందు తల ఉందా లేదా, కిలోనా పౌండా అని చూడాలి.

పడుగూపేకా

మేడమ్ గారూ, నూలులో అంకె తిరగబడలేదు. రొయ్యల్లోనూ నూలులోనూ ఒకే రకం లెక్క: ఇంత బరువులో ఎన్ని? రొయ్యల్లో కిలోకు ఎన్ని రొయ్యలని అడుగుతారు, నూలులో పౌండుకు ఎన్ని చిలపలని అడుగుతారు. పత్తినూలుకు చిలప అంటే 840 గజాల పోగు. పౌండుకు 40 చిలపలు తూగితే 40 కౌంట్, అంటే 33,600 గజాల పోగు. 100 చిలపలు తూగితే 100 కౌంట్, 84,000 గజాలు. అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నదైనట్టే ఇక్కడ పోగు సన్నబడుతుంది. తేడా అంతా గిరాకీలో ఉంది. రొయ్య లావుగా ఉండాలి, పోగు సన్నగా ఉండాలి. వెంకటగిరి చీరకు పేరొచ్చింది 100 కౌంట్ పడుగు పేకల (నిలువు, అడ్డం పోగుల) పల్చదనం వల్లే.

ఇంట్లో చూసుకునే పద్ధతి ఉంది. చుట్టుకొలత 54 అంగుళాలు, అంటే గజమున్నర, ఉన్న చట్రానికి 80 చుట్లు చుడితే 120 గజాలు. ఆ పోగును గ్రాముల్లో తూచి, 64.8ని ఆ బరువుతో భాగిస్తే కౌంట్ వస్తుంది. 1.62 గ్రాములుంటే 40 కౌంట్, 0.81 ఉంటే 80, 0.65 ఉంటే 100. వంటింటి కాటా దీనికి పనికిరాదు, బంగారం తూచే కాటా కావాలి. అది దొరక్కపోతే పదిరెట్లు, అంటే 1200 గజాలు చుట్టి 648ని భాగించండి.

గంజి పెట్టిన పోగును తూస్తే గంజి బరువు కలిసి కౌంట్ తక్కువగా, అంటే పోగు లావుగా ఉన్నట్టు వస్తుంది. ముసురు రోజుల్లో పత్తి తేమ పీలుస్తుంది, అప్పుడూ అంతే. గంజి లేని చిలపను పొడి వాతావరణంలో తూచాలి.

పట్టుకు లెక్క నిజంగానే తిరగబడుతుంది. దాన్ని డెనియర్‌లో చెప్తారు: 9000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములని. అక్కడ పొడవు మారదు, బరువు మారుతుంది, కాబట్టి అంకె పెరిగితే పోగు లావు.

దుప్పట్ల మీద రాసే 'థ్రెడ్ కౌంట్'ను దీనితో కలపొద్దు. అది చదరపు అంగుళంలో పడుగూ పేకా కలిపి ఎన్ని పోగులున్నాయో చెప్పే అంకె.

స్లయిడు_కింద

ల్యాబ్ నుంచి ఒక మాట. 'కౌంట్ పడిపోయింది' అని ఫోన్‌లో చెప్తే దేని కౌంట్ అని అడగకుండా కంగారు పడొద్దు. సీబీపీ (రక్తకణాల పరీక్ష) రిపోర్టులో కౌంట్‌లు చాలా ఉంటాయి. డెంగీ రోజుల్లో ఆ మాట ప్లేట్‌లెట్ల గురించి. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. 'కౌంట్ పెరిగింది, ఇన్‌ఫెక్షన్ ఉంది' అంటే అది తెల్లకణాల సంగతి. పెద్దవాళ్ళలో 4,000 నుంచి 11,000 వరకు మామూలు. డెంగీలో తెల్లకణాలు కూడా తగ్గుతాయి కాబట్టి 'కౌంట్ తగ్గింది' అన్నది రెంటిలో దేనికైనా వర్తించవచ్చు.

పొరపాటు ఎక్కువగా అంకె రాసే తీరులో వస్తుంది. ఒక ల్యాబ్ 85,000 అని రాస్తుంది, ఇంకోటి 0.85 లక్షలు అని, మరొకటి వేలల్లో లెక్కించి 85 అని రాస్తుంది. మూడూ ఒకటే. పక్కన ఉన్న ప్రమాణం చదవకుండా 'ఎనభై ఐదే ఉన్నాయంట' అని ఇల్లంతా ఏడుపులు పెడతారు.

ఇంకొకటి, అందరికీ తెలియనిది. రక్తం గడ్డకట్టకుండా గొట్టంలో వేసే ఈడీటీఏ వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి. మెషీన్ ఒక్కో గుంపును విడి ప్లేట్‌లెట్లుగా చూడలేక అంకె తగ్గించి ఇస్తుంది. ఒంట్లో ఏ రక్తస్రావమూ లేకుండా అంకె మరీ తక్కువ వస్తే స్లయిడు మీద చూడమనాలి, సిట్రేట్ గొట్టంలో మళ్ళీ తీయమనాలి. డెంగీలో ప్లేట్‌లెట్లతో పాటు పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే శాతం, కూడా చూడాలి. ప్లేట్‌లెట్లు తగ్గుతూ పీసీవీ పెరుగుతుంటే రక్తనాళాల నుంచి ద్రవం బయటికి పోతోందని గుర్తు. జ్వరం తగ్గే రోజుల్లోనే ఇది వస్తుంది కాబట్టి 'జ్వరం పోయింది కదా' అని ఆస్పత్రికి పోకుండా ఉండొద్దు.

రొయ్యల గుంటల నీళ్ళకు చేసే విబ్రియో (ఒక రకం బ్యాక్టీరియా) కౌంట్ ఇంకో రకం. అక్కడ క్రిములను ఎంచరు, ఆ క్రిములను పెంచే టీసీబీఎస్ అనే ప్లేటు మీద పెరిగిన పసుపు, ఆకుపచ్చ చుక్కలను ఎంచుతారు. ఒక్కో చుక్క ఒక్క క్రిమి నుంచి మొదలైందని లెక్కకట్టి మిల్లీలీటరుకు ఇంత అని చెప్తారు.

భాషాభిమాని_ఒంగోలు

పాఠం కోసం భాష వైపు నుంచి. మన 'లెక్క' అనే మాట పక్కన పెట్టుకుంటే పిల్లలకు సగం పని తీరిపోతుంది. 'నన్ను లెక్కచేయడు', 'అది లెక్కలోకి రాదు' అంటాం కదా, 'ఇట్ డజంట్ కౌంట్' అంటే సరిగ్గా అదే. 'కౌంట్ ఆన్ మీ' కూడా అక్కడిదే: నన్ను లెక్కలో వేసుకో, నేనుంటాను.

ఈ మాటకు మూలం లాటిన్‌లోని కంప్యుటారే. కంప్యూటర్, అకౌంట్, డిస్కౌంట్ దాని బంధువులే. కొట్లో కౌంటర్ అంటే డబ్బు లెక్కపెట్టే బల్ల. కోర్టులో ఒక్కో అభియోగాన్ని కౌంట్ అనడం కూడా ఈ కుటుంబంలోదే, పాత ఫ్రెంచిలో ఆ మాటకు 'చెప్పు, వివరించు' అనే అర్థం కూడా ఉండటం వల్ల. యూరప్‌లో బిరుదుగా వాడే 'కౌంట్' మాత్రం వేరే మాట. దాని మూలం లాటిన్ 'కోమెస్', తోడుగా ఉండేవాడు. రాయడంలో ఒకటిగా కనపడుతున్నాయి, అంతే. ఒకే మాటకు రెండు అర్థాలని రాయకండి.

కౌంట్ నౌన్ల (ఎంచగలిగే వాటి పేర్ల) పాఠంలో మన పిల్లలు తడబడేది ఒకచోట ఉంది. తెలుగులో 'నీళ్ళు వచ్చాయి', 'పాలు విరిగాయి', 'బియ్యం ఉన్నాయి' అని బహువచనంలో అంటాం. అందుకే ఇంగ్లీషులో 'వాటర్ ఆర్ కమింగ్' అని రాస్తారు. ఇంగ్లీషులో ఇవన్నీ ఎంచలేనివి, కాబట్టి ఏకవచనం. ఎంచాలంటే గ్లాసో కిలోనో ముందు రావాలి.

పంతులమ్మ_కోవూరు

అందరికీ ధన్యవాదాలు. పడుగూపేకా గారూ, ఒక నూలు బిల్లు మీద 2/80 అని ఉంది. అది 80 కౌంటేనా?

పడుగూపేకా

కాదండీ. 80 కౌంట్ పోగులు రెండు కలిపి పురి పెట్టింది. లావులో 40 కౌంట్‌కు సమానం, కాటాకు కూడా దాదాపు అంతే చూపిస్తుంది, కాబట్టి తూకంతో తేడా తెలియదు. జానెడు పోగు తీసి రెండు కొసలూ పట్టుకుని పురికి ఎదురుగా తిప్పండి. 2/80 అయితే పోగు రెండుగా విడిపోతుంది. ఒంటి 40 అయితే పురి ఊడి దూదిలా విచ్చుకుని తెగుతుంది.