డిజిటల్ సెల్స్ మాత్రమే తెలిసిన లేఅవుట్ టూల్‌కి రెసిస్టర్, కెపాసిటర్, మ్యాచ్‌డ్ పెయిర్ ఎలా నేర్పాలి?

మధురవాడ_మాస్క్:

అందరికీ నమస్కారం. విశాఖలో వీఎల్‌ఎస్‌ఐ (చిప్ డిజైన్) చదివే పిల్లల ల్యాబ్ కోసం కేలేఅవుట్ (చిప్ బొమ్మలు గీసే ఓపెన్ సాఫ్ట్‌వేర్) మీద పైథాన్‌లో రాసిన చిన్న లేఅవుట్ టూల్ ఒకటి నడుపుతున్నాం. ప్రాసెస్ స్కైవాటర్ 130 నానోమీటర్లది, 2020లో గూగుల్‌తో కలిసి ఓపెన్‌గా పెట్టారు కదా, అదే. స్టాండర్డ్ సెల్స్ (ముందే గీసి ఉన్న లాజిక్ గేట్లు) వరకూ ఇబ్బంది లేదు. లెఫ్ ఫైలు (సెల్ సైజు, పిన్నులు, అడ్డంకులు చెప్పేది) చదువుతుంది, వరసల్లో పేరుస్తుంది, రూట్ చేస్తుంది, జీడీఎస్ (ఫ్యాబ్‌కి వెళ్ళే బొమ్మ ఫైలు) రాస్తుంది. ఇప్పుడు బ్యాండ్‌గ్యాప్ (స్థిరమైన రిఫరెన్స్ వోల్టేజ్ ఇచ్చే సర్క్యూట్), చిన్న ఆప్‌ఆంప్ (యాంప్లిఫయర్) పెట్టాలంటే పాలీ (పాలీసిలికాన్) రెసిస్టర్లు, మిమ్ (మెటల్-ఇన్సులేటర్-మెటల్) కెపాసిటర్లు, మ్యాచ్‌డ్ పెయిర్లు (అచ్చం ఒకేలా పనిచేయాల్సిన రెండు ట్రాన్సిస్టర్లు) కావాలి.

మూడు చోట్ల ఆగిపోయాం. పాలీ రెసిస్టర్ గీస్తే డీఆర్‌సీ (కొలతల నియమాల తనిఖీ) కాంటాక్ట్ సైజు తప్పంటోంది, స్టాండర్డ్ సెల్స్‌లో ఉండే అదే 0.17 మైక్రాన్ల చదరం పెట్టినా సరే. ఎల్‌వీఎస్‌లో (లేఅవుట్‌ని స్కీమాటిక్‌తో పోల్చే తనిఖీ) ఆ రెసిస్టర్ రెండు కొసలూ ఒకే నెట్ (ఒకే తీగ) అయిపోతున్నాయి. ట్రాన్సిస్టర్ వెడల్పు లేఅవుట్ వైపు 1 మైక్రాన్ అని వస్తే, స్కీమాటిక్ వైపు 10 లక్షల మైక్రాన్లని చూపిస్తోంది.

ఇవి కాక అసలు ప్రశ్న: ఒక్కో విలువకి ఒక్కో సెల్ గీసి లైబ్రరీలో పడేయాలా, పీసెల్స్ (విలువలిస్తే బొమ్మ తనే గీసే సెల్ కోడ్) రాయాలా? అనలాగ్ ప్లేస్‌మెంట్ కూడా టూలే చూసుకోవాలని మాలో ఒకరు పట్టుబడుతున్నారు. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

సిరిపురం_సిలికాన్:

పీసెల్సే రాయండి. ఫిక్స్‌డ్ సెల్స్ అయితే విలువ మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు జీడీఎస్ తెరిచి చేత్తో సాగదీస్తారు, ఆ కాపీలు ఫోల్డరు నిండా పేరుకుంటాయి, చివరికి ఏది సరైనదో ఎవరికీ తెలియదు.

అయితే పీసెల్ అంటే బొమ్మ గీసే కోడ్ ఒక్కటే అనుకోకండి. ఒక డివైస్ మీ టూల్‌లోకి వచ్చిందనాలంటే బొమ్మ, ఎల్‌వీఎస్‌లో దాన్ని గుర్తుపట్టే నియమం, స్పైస్‌లో (సర్క్యూట్ సిమ్యులేషన్ ఫైల్లో) దాని పేరూ పారామీటర్లూ, ఈ మూడింటినీ కలిపి పరీక్షించే స్క్రిప్టు, అన్నీ ఒకేసారి లోపలికి రావాలి. ముందు బొమ్మలన్నీ గీసేసి ఎల్‌వీఎస్ తర్వాత చూద్దాం అన్నవాళ్ళు సగం పీసెల్స్ మళ్ళీ రాసుకుంటారు. ఎందుకంటే గుర్తుపట్టడానికి కావలసిన మార్కర్ లేయర్ బొమ్మలోనే ఉండాలి.

మీ మొదటి ఎర్రర్‌కి కారణం ఇది. ఈ ప్రాసెస్‌లో ప్రెసిషన్ పాలీ రెసిస్టర్ తలల మీద కాంటాక్ట్ చదరం కాదు, 0.19 × 2.0 మైక్రాన్ల చీలిక. అంతకన్నా చిన్నదీ కుదరదు, పెద్దదీ కుదరదు. పొడవు వైపు రెసిస్టర్ పొడవు వెంటే పెట్టాలి. వెడల్పు 0.35 అయితే చీలికకి అటూ ఇటూ సరిగ్గా 0.08 మిగులుతుంది, పాలీ అంచు నియమం అడిగేదీ అంతే. కాబట్టి రెసిస్టర్ తల 2 మైక్రాన్లకి పైగా ఉండి తీరాలి. పైన మెటల్ 1కి వెళ్ళే ఎంకాన్ మాత్రం మామూలు 0.17 చదరమే.

వెడల్పు కూడా మీ ఇష్టం కాదు. 0.35, 0.69, 1.41, 2.85, 5.73, ఈ ఐదు వెడల్పులే వాడాలి. కాబట్టి పీసెల్‌లో వెడల్పుని అంకె కొట్టే పెట్టెలా కాకుండా జాబితాగా ఇవ్వండి. పిల్లలు 0.5 అని కొడితే గీత వస్తుంది గానీ ఆ వెడల్పు పనికిరాదు.

లెక్క ఒకటి చూడండి. హై-పాలీ షీట్ రెసిస్టెన్స్ చదరానికి సుమారు 320 ఓమ్స్. 10 కిలో ఓమ్స్ కావాలంటే 31.25 చదరాలు (అంటే పొడవు వెడల్పుకి అన్ని రెట్లు). 0.35 వెడల్పుతో అది 10.94 మైక్రాన్ల పొడవు, ముచ్చటగా చిన్నది. కానీ ఎచింగ్‌లో వెడల్పు 0.02 మైక్రాన్లు తేడా పడిందనుకోండి, విలువ దాదాపు 6 శాతం జరుగుతుంది. 2.85 వెడల్పుతో అదే తేడా 0.7 శాతం. పొడవు మాత్రం 89 మైక్రాన్లవుతుంది, అందుకని 22.265 చొప్పున నాలుగు కాళ్ళుగా విడగొట్టి మెటల్‌తో సిరీస్ కలపండి. తలల్లోనూ కాంటాక్టుల్లోనూ వచ్చే రెసిస్టెన్స్ నాలుగు జతలు కలుస్తుంది, దాన్ని మోడల్ నుంచి తీసి పొడవు తగ్గించుకోవాలి. పాలీనే పాములా మెలికలు తిప్పొద్దు. మూలలో ఉన్న చదరం ఒక చదరంగా లెక్కకి రాదు, దాదాపు 0.56 వస్తుంది, ఎక్స్‌ట్రాక్టర్‌కి (బొమ్మలోంచి డివైసుల్ని చదివే భాగానికి) ఆ సంగతి తెలియదు.

ఇంకొకటి, గ్రిడ్. కేలేఅవుట్ డేటాబేస్ యూనిట్ 0.001 మైక్రాన్, మాస్క్ గ్రిడ్ 0.005. మధ్యబిందువు నుంచి అటూ ఇటూ సగం సగం గీసే అలవాటు ఉంటే మానేయండి. గేట్ పొడవు 0.155 ఇస్తే సగం 0.0775, గ్రిడ్ తప్పింది. ఎప్పుడూ ఎడమ అంచు నుంచి లెక్కపెట్టి, పారామీటర్లని సరిదిద్దే ఫంక్షన్‌లోనే గ్రిడ్‌కి రౌండ్ చేసి, ఆ రౌండైన అంకెనే యూజర్‌కి తిరిగి చూపించండి. లోపల చడీచప్పుడు లేకుండా రౌండ్ చేస్తే స్కీమాటిక్‌లో ఒక అంకె, లేఅవుట్‌లో ఒక అంకె అవుతుంది.

గాజువాక_గేట్:

మాస్టారు బొమ్మ సంగతి చెప్పేశారు, నేను ఎల్‌వీఎస్ వరకూ చెప్తాను.

రెండు కొసలూ షార్ట్ అవడానికి ఒకటే కారణం: పాలీ లేయర్ మొత్తాన్ని (66/20) కనెక్టివిటీలో ఇచ్చేశారు. రెసిస్టర్ ఒళ్ళు కూడా పాలీయే కదా, తీగలాగే కలిపేస్తుంది. పాలీ రెసిస్టర్ మార్కర్ 66/13 ఉంది చూడండి. పాలీ, మార్కర్ రెండూ పడిన భాగం ఒళ్ళు. పాలీలోంచి మార్కర్ తీసేస్తే మిగిలేది తలలు, మామూలు పాలీ తీగలు. కనెక్ట్ చేయాల్సింది ఈ రెండోదాన్నే. రెసిస్టర్ ఎక్స్‌ట్రాక్టర్‌కి ఒంటిని "ఆర్" కింద, తలల్ని "సీ" కింద ఇవ్వండి. పీసెల్‌లో మార్కర్ అంచు సరిగ్గా ఒళ్ళు ఆగే చోటే ఆగాలి. ఒక గ్రిడ్ అటూ ఇటూ అయితే ఎర్రర్ రాదు గానీ విలువ మారిపోతుంది, అదే ఎక్కువ ప్రమాదం.

10 లక్షల రెట్లు ఎందుకంటే, ఈ పీడీకే (ప్రాసెస్‌తో వచ్చే రూల్స్, మోడల్స్ కిట్) మోడల్స్‌లో వెడల్పు, పొడవు మైక్రాన్లలో ఉత్త అంకెలుగా రాస్తారు. కేలేఅవుట్ స్పైస్ రీడర్ ఉత్త అంకెని మీటర్లనుకుని 10 లక్షలతో గుణించి మైక్రాన్లు చేస్తుంది. పైగా ఇక్కడ ట్రాన్సిస్టర్లు "ఎం" లైన్లుగా రావు, సబ్‌సర్క్యూట్ పిలుపులుగా "ఎక్స్" లైన్లలో వస్తాయి. అందుకని రీడర్ డెలిగేట్ (రీడర్ ఆ లైన్లని అర్థం చేసుకునే తీరు మార్చే కోడ్) ఒకటి రాసుకోక తప్పదు. పేరు చూసి ఇది ఎన్‌ఫెట్, ఇది రెసిస్టర్ అని డివైస్ క్లాసుకి మార్చడం, యూనిట్ సరిచేయడం, రెండూ అందులోనే. నెట్‌లిస్ట్ ఫైల్లో వెతికి "యు" తగిలించే స్క్రిప్టులు రాయకండి. ఆ ఫైలుతో సిమ్యులేషన్ కూడా నడుస్తుంది, అక్కడ తిరగబడుతుంది.

నాలుగు కాళ్ళ రెసిస్టర్ లేఅవుట్‌లో నాలుగు డివైసులు. స్కీమాటిక్‌లో ఒకటే గీసి ఉంటే, పోల్చే ముందు సిరీస్, ప్యారలల్ డివైసుల్ని కలిపే స్టెప్ రెండు నెట్‌లిస్టుల మీదా నడపాలి. ఒకవైపే నడిపితే ఎప్పటికీ మ్యాచ్ కాదు. రెసిస్టర్ విలువకి టాలరెన్స్ కూడా ఇవ్వండి, లేకపోతే దశాంశ స్థానంలో తేడాకే ఫెయిల్ అంటుంది.

ఎంవీపీ_అనలాగ్:

ఆటో ప్లేస్‌మెంట్ ఇప్పుడొద్దు గురూ. డిజిటల్ ప్లేసర్ చూసేది తీగ పొడవు, టైమింగ్. డిఫరెన్షియల్ పెయిర్‌కి కావలసింది సిమెట్రీ, దాని కాస్ట్ ఫంక్షన్‌లో ఆ ముక్కే లేదు. అలైన్, మ్యాజికల్ లాంటి ప్రాజెక్టులు ఆ పని మీదే ఉన్నాయి, తర్వాత వాటి వైపు చూడొచ్చు. ముందు పెయిర్ మొత్తాన్ని ఒకే పీసెల్‌గా రాయండి. రెండు ట్రాన్సిస్టర్ పీసెల్స్ పక్కపక్కన పెట్టడం పెయిర్ కాదు.

ఏ, బీ అంటే పెయిర్‌లోని రెండు ట్రాన్సిస్టర్లు. ఒక్కోదాన్ని రెండు ఫింగర్లుగా (గేట్ ముక్కలుగా) విడగొట్టాక వాటి క్రమం ఏ-బీ-బీ-ఏ. సోర్స్ ఇద్దరికీ ఉమ్మడి కాబట్టి డిఫ్యూజన్ పట్టీ ఎడమ నుంచి ఇలా పడుతుంది: ఏ డ్రైన్, సోర్స్, బీ డ్రైన్, సోర్స్, ఏ డ్రైన్. ఎక్కడా తెగదు. ఏ రెండు ఫింగర్లలో కరెంటు ఒకటి కుడికి, ఒకటి ఎడమకి పోతుంది, బీకీ అంతే. అదే ఏ-బీ-ఏ-బీ అడిగితే రెండో ఫింగర్ తర్వాత బీ డ్రైన్ పక్కన ఏ రావాలి, పంచుకోవడం కుదరదు, పట్టీ తెంచాలి. పైగా రెండు సెంట్రాయిడ్లూ (ఏ, బీల మధ్యబిందువులు) కలవవు. ఆ క్రమాన్ని పీసెల్ ఒప్పుకోకుండా ఎర్రర్ ఇవ్వాలి.

ఏ-బీ-బీ-ఏలోనూ ఒక లోపం ఉంది. ఏకి డ్రైన్ ముక్కలు రెండు, బీకి ఒకటే. డ్రైన్ కెపాసిటెన్స్ సమానం కాదు, డీసీలో కనిపించదు, వేగంగా మారే సిగ్నల్‌తో బయటపడుతుంది. కింద బీ-ఏ-ఏ-బీ అని రెండో వరస వేస్తే ఇద్దరికీ మూడేసి ముక్కలొస్తాయి. కాబట్టి వరసల సంఖ్య పారామీటర్‌గా పెట్టి, డిఫాల్ట్ 2 ఉంచండి.

రెండు చివరలా డమ్మీ గేట్లు తప్పనిసరి. చివరి పాలీ మిగతావాటిలా ఎచ్ కాదు, ఐసొలేషన్ ఆక్సైడ్ ఒత్తిడి కూడా చివరి ఫింగర్ మీదే ఎక్కువ. డమ్మీ గేట్‌ని ఎన్‌ఫెట్ అయితే గ్రౌండ్‌కి, పీఫెట్ అయితే సప్లైకి కట్టాలి. డమ్మీ కూడా ఎల్‌వీఎస్‌కి ట్రాన్సిస్టరే, స్కీమాటిక్‌లో లేకపోతే అదనపు డివైస్ అని గోల చేస్తుంది. అందుకే పీసెల్ తన నెట్‌లిస్ట్‌ని, డమ్మీలతో సహా, తనే రాసిచ్చేలా చేయడం మేలు.

గేట్ల మధ్య దూరం కూడా చూసుకోండి. పాలీ-పాలీ కనీస దూరం 0.21 అని రూల్ పుస్తకంలో కనిపిస్తుంది, అది కాంటాక్ట్ లేనప్పుడు. మధ్యలో 0.17 కాంటాక్ట్, దానికి గేట్ నుంచి అటూ ఇటూ 0.055, మొత్తం 0.28. 0.15 గేట్‌కి పిచ్ 0.43 అవుతుంది. ఈ అంకెలు కోడ్‌లో చల్లకుండా ఒక రూల్ ఫైల్లో పెట్టండి, రేపు ఇంకో ప్రాసెస్‌కి మారితే అదొక్కటే మార్చుకుంటారు.

చుట్టూ గార్డ్ రింగ్ (సబ్‌స్ట్రేట్‌ని లేదా వెల్‌ని గ్రౌండ్‌కో సప్లైకో కట్టే ట్యాప్‌ల వలయం) ఆప్షన్‌గా కాక డిఫాల్ట్‌గా రావాలి. లాచప్ (సప్లై, గ్రౌండ్ మధ్య షార్ట్ లాంటి దారి ఏర్పడటం) నియమం ప్రకారం ట్యాప్ 15 మైక్రాన్ల లోపు ఉండాలి, పెద్ద అర్రేలో మధ్య ఫింగర్లకి ఇదే తప్పుతుంది. గేట్ల మీదుగా మెటల్ 1 పోనివ్వొద్దు. పోక తప్పకపోతే ఇద్దరి మీదా ఒకేలా పోవాలి. సైజు విషయంలో ట్రాన్సిస్టర్ల మ్యాచింగ్ మీద పెల్‌గ్రోమ్ లెక్క (1989) గుర్తుంచుకోండి: ఆఫ్‌సెట్ (ఇద్దరి మధ్య తేడా) సగం కావాలంటే గేట్ వైశాల్యం నాలుగింతలు.

మధురవాడ_మాస్క్:

అందరికీ థ్యాంక్స్ అండీ. పాలీలోంచి మార్కర్ భాగం తీసేశాక షార్ట్ పోయింది, చీలిక కాంటాక్ట్‌తో డీఆర్‌సీ కూడా క్లీన్. ఇంకో రెండు ఉన్నాయి. మిమ్ కెపాసిటర్ పెట్టాక మా రూటర్ దాని మీదుగా మెటల్ 4 లాగేస్తోంది. అలాగే జీడీఎస్‌ని వేరే టూల్‌లో తెరిస్తే కాంటెక్స్ట్ ఇన్ఫో అని మేం పెట్టని టాప్ సెల్ కనిపిస్తోంది.

సిరిపురం_సిలికాన్:

ఆ సెల్‌ని కేలేఅవుటే రాస్తుంది, పీసెల్ పారామీటర్లు అందులో దాస్తుంది. పని ఫైళ్ళలో ఉండనివ్వండి, అది లేకపోతే తిరిగి తెరిచాక విలువ మార్చలేరు. ఫ్యాబ్‌కి పంపే ఫైలు సేవ్ చేసేటప్పుడు మాత్రం ఆ కాంటెక్స్ట్ ఆప్షన్ తీసేయండి. ఇందులోనే ఒక మెలిక ఉంది: పీసెల్ కోడ్ మార్చి పాత ఫైలు తెరిస్తే కొత్త కోడ్‌తో బొమ్మ మళ్ళీ తయారవుతుంది, నిన్న క్లీన్ అయిన బ్లాక్ ఇవాళ మారిపోతుంది. లైబ్రరీ పేరులోనే వెర్షన్ పెట్టుకోండి.

మిమ్ సంగతి: కింది ప్లేట్ మెటల్ 3, పై ప్లేట్ 89/44 లేయర్, దాని మీద వయా 3 వేసి మెటల్ 4కి ఎక్కుతారు. అంటే ఆ చోట మెటల్ 3, మెటల్ 4 రెండూ కెపాసిటర్ సొంతం. చదరపు మైక్రాన్‌కి 2 ఫెమ్టోఫారడ్లు కాబట్టి 1 పికోఫారడ్‌కి 500 చదరపు మైక్రాన్లు, సుమారు 22.4 భుజం గల చదరం, అంచు కెపాసిటెన్స్ కలిస్తే కాస్త తగ్గుతుంది. మీ రూటర్ లెఫ్‌నే నమ్ముతుంది కాబట్టి అనలాగ్ బ్లాక్‌కి లెఫ్ రాసేటప్పుడు అబ్‌స్ట్రక్షన్‌లో (రూటర్ రాకూడని చోట్ల జాబితాలో) ఈ రెండు లేయర్లూ పూర్తిగా మూసేయండి. పిన్నులకి యూజ్ దగ్గర సిగ్నల్ బదులు అనలాగ్ అని రాయండి. అది రాసినంత మాత్రాన రూటర్ జాగ్రత్త పడుతుందని కాదు, ఆ నెట్లని ఆటో రూటింగ్ జాబితాలోంచి తీసేసి చేత్తో వేయాలి. కింది ప్లేట్‌కి సబ్‌స్ట్రేట్‌తో పారాసిటిక్ ఎక్కువ, సున్నితమైన నోడ్‌ని పై ప్లేట్‌కి కట్టండి.

పాతపోస్టాఫీస్_పాలీ:

ఇన్ని రాసుకునే ముందు మ్యాజిక్ అనే లేఅవుట్ టూల్‌లో ఈ పీడీకేకి ఉన్న డివైస్ జనరేటర్లు ఒకసారి చూడండి. టికిల్ భాషలో రాసినవే, రెసిస్టర్, మిమ్, ఫెట్, గార్డ్ రింగ్ అన్నీ ఉన్నాయి. అదే విలువ అక్కడా ఇక్కడా గీసి, రెండు జీడీఎస్‌లని ఎక్స్‌ఓఆర్ చేస్తే (తేడా ఉన్న చోట్లు మాత్రమే మిగిలేలా పోల్చితే) మీ పీసెల్ ఎక్కడ తేడాగా ఉందో లేయర్ వారీగా కనిపిస్తుంది. టెస్ట్ స్క్రిప్టుకి అంతకన్నా మంచి రిఫరెన్స్ దొరకదు. ప్రతి పీసెల్‌కీ కనీస విలువ, గరిష్ఠ విలువ, మధ్యలో 0.155 లాంటి తిక్క విలువ ఒకటి, ఈ మూడింటికీ డీఆర్‌సీ, ఎల్‌వీఎస్ నడిపి, పాసైతేనే కోడ్ మెర్జ్ చేయండి.