గలాక్సియా ఘనత ఎవరిది: కంప్యూటర్‌దా, పత్రికదా?

రాగితీగ:
1983 చివర్లో యుగోస్లావియాలో జనం ఇంట్లో కూర్చుని సోల్డరింగ్ చేసి తయారుచేసుకున్న కంప్యూటర్ గలాక్సియా. డిజైన్ వోయా ఆంతోనిచ్‌ది. బెల్‌గ్రేడ్‌లో అదే పేరుతో వచ్చే సైన్స్ పత్రిక, 'మీ ఇంట్లో కంప్యూటర్లు' అని అర్థం వచ్చే పేరుతో ఒక ప్రత్యేక సంచిక తెచ్చి సర్క్యూట్ మొత్తం అందులో అచ్చేసింది. దాన్ని సిద్ధం చేసింది దెయాన్ రిస్తానోవిచ్. మొదట 30,000 కాపీలు వేశారు, చాలక మళ్లీ మళ్లీ అచ్చేసి లక్ష దాకా తెచ్చారు. కిట్ కావాలని 8,000 మందికి పైగా రాశారు. పేరంతా ఆంతోనిచ్‌కు పోయింది గానీ అసలు పని పత్రికదే అని నా వాదన. కాదనేవాళ్లు రండి.

జడ్80 అభిమాని:
వచ్చాను. వేరే వీడియో చిప్ పెట్టకుండా, ఆ పని కూడా జడ్80 ప్రాసెసర్ చేతే చేయించాడాయన. అందుకే ఖర్చు తగ్గింది. బోర్డుకు ఒకవైపే రాగి, అంటే ఇంట్లో యాసిడ్‌తో చేసుకోవచ్చు. బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష మొత్తం 4 కిలోబైట్లలో ఇరికించారు. చోటు లేక తప్పులకు మూడే జవాబులు: రాసింది అర్థం కాకపోతే 'వాట్?', లెక్క కుదరకపోతే 'హౌ?', మెమరీ చాలకపోతే 'సారీ'. ఇంత పొదుపైన డిజైన్ చేతికి రాకపోతే పత్రిక ఏం అచ్చేసేదండీ, రాశిఫలాలా?

పాతక్యాసెట్:
ఇద్దరూ కస్టమ్స్‌ను మరిచారు. అప్పట్లో అక్కడ 50 జర్మన్ మార్కుల కన్నా ఖరీదైన వస్తువు విదేశం నుంచి తెప్పించుకోవడానికి లేదు. బ్రిటన్‌లో తయారైన స్పెక్ట్రమ్ కంప్యూటర్ కావాలంటే దొంగచాటుగా తేవాలి. విడి చిప్పులైతే ఆ లెక్కలోకి రావు. తలుపు మూసేస్తే జనం కిటికీలోంచి దూరారు, అంతే. ఆ నియమం లేకపోతే మీ గలాక్సియాను ఎవరూ పట్టించుకునేవారు కాదు.

రాగితీగ:
నియమం ఒక్కటే చాలదు సార్. మన దేశంలోనూ దిగుమతి సుంకాలు తక్కువేం కాదు. 1984లో క్లాస్ అనే కంప్యూటర్ చదువు పథకం కింద బడులకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. మా బడిలో ఆ గదికి ఎప్పుడూ తాళమే. చెప్పులు బయట విప్పి, వరసలో నిలబడి, ఒక్కొక్కరం రెండు నిమిషాలు చూసి రావాలి. కీబోర్డు మీద పూల గుడ్డ కప్పి ఉండేది. ముట్టుకుంటే సైన్స్ సార్ వేళ్ల మీద స్కేలుతో కొట్టేవారు. యుగోస్లావియాలో పత్రిక ఏం చేసింది? 'మీరే విప్పండి, మీరే అతికించండి' అంది. విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో చూపించింది. భయం పోగొట్టడం చిన్న పని కాదు.

విజయవాడ రేడియో:
మా రేడియోవాళ్ల మాటా కాస్త వినండి. జోరాన్ మోద్లి అనే ఆయన బెల్‌గ్రేడ్ రేడియోలో 'వెంటిలేటర్ 202' కార్యక్రమంలో ప్రోగ్రాములను శబ్దంగా ప్రసారం చేసేవారు. పాట మధ్యలో కీచుమని గోల వచ్చేది. వినేవాళ్లు క్యాసెట్లో రికార్డు చేసుకుని కంప్యూటర్‌లోకి ఎక్కించుకునేవారు. ఇది పత్రిక వల్ల కాదు కదా!

జడ్80 అభిమాని:
అందుకోండి రాగితీగ గారూ. ఇంకోటి. ఆ ప్రత్యేక సంచికే తర్వాత 'రాచునారి' అనే పత్రికగా నిలదొక్కుకుంది. అందులో పేజీలు ఎక్కువగా వెళ్లింది స్పెక్ట్రమ్, కొమొడోర్ 64 లాంటి విదేశీ కంప్యూటర్లకు. కన్నబిడ్డను పక్కనపెట్టి పొరుగు పిల్లలకు అన్నం పెట్టినట్టు! 1984లోనే లుబ్లియానాలో 'మోయ్ మిక్రో', బెల్‌గ్రేడ్‌లో 'స్వెత్ కొంప్యుతెరా' కూడా మొదలయ్యాయి. అవీ అంతే.

రాగితీగ:
అదే నేను చెప్పేది. కంప్యూటర్ మూలన పడింది, పత్రిక 90ల దాకా నడిచింది. పాఠకులు బోర్డు కోసం వచ్చి చదవడానికి ఉండిపోయారు. రేడియో విషయం మాత్రం ఒప్పుకుంటున్నా, అది నా లెక్కలో లేదు.

పాతక్యాసెట్:
రేడియోలోంచి ఎక్కించడం అంత తేలికని అనుకోకండి. నాకు స్పెక్ట్రమ్ క్యాసెట్‌తోనే చుక్కలు కనబడ్డాయి. టేప్‌రికార్డర్ హెడ్ పక్కనున్న చిన్న స్క్రూను వెంట్రుకవాసి తిప్పాలి, వాల్యూమ్ ముప్పావుకు పెట్టాలి, ఫ్యాన్ ఆపాలి. అయినా చివర్లో ఎగిరిపోయేది.

జడ్80 అభిమాని:
ఫ్యాన్ ఎందుకు ఆపడం?

పాతక్యాసెట్:
ఏమో, మా అన్నయ్య ఆపమనేవాడు.

జడ్80 అభిమాని:
సరే. రాగితీగ గారూ, 'అసలు పని' అన్న మాట మార్చి 'సగం పని' అనండి, నేను తప్పుకుంటా.

రాగితీగ:
ముప్పాతిక. అంతకన్నా ఒక్క పైసా దిగను.