రత్తనకోసిన్‌లో ఆ ‘కో’ ఎక్కడిది?

నాగావళి:
మా లెక్కల మాస్టారు బ్యాంకాక్ అసలు పేరు గుక్కతిప్పుకోకుండా చెప్పేవారు. “క్రుంగ్ థేప్ మహానఖోన్ అమోన్ రత్తనకోసిన్ మహిన్తరా అయుత్తయా...” ఆ తరవాత నాకు గుర్తు లేదు. నాలుగు రోజులుగా ఇదే నోట్లో ఆడుతోంది. నగర, అమర, రత్న, మహేంద్ర, అయోధ్య తెలుస్తూనే ఉన్నాయి. ‘కోసిన్’ దగ్గర ఆగిపోతున్నాను. కోశమేనా? మిగతాది ఎవరికైనా వచ్చా?

పాతప్రతి:
కోశమే. 1767లో బర్మా సేనలు పాత రాజధాని అయుత్తయాను తగలబెట్టాయి. 1782లో థాయ్ రాజు మొదటి రాముడు చావ్ ఫ్రయా నది దాటి తూర్పు గట్టున కొత్త రాజధానికి స్తంభం నాటాడు. ఊరంతా బూడిదైన పదిహేనేళ్లకు ‘ఇదిగో మా రత్నాల బొక్కసం’ అనుకున్నారంటే ఆ మాటలో ఎంత ఆశ ఉందో చూడండి.

గట్టుమీద:
భావం బాగుందండీ, కానీ చివరి ‘ఇన్’ని ఏం చేస్తారు? థాయ్‌లో పలికేది ‘న్’ వరకే అయినా, రాతలో దాని వెనక ద, ర రెండూ ఉన్నాయి. అంటే ఇంద్ర. కోశం అయితే గుణసంధి వచ్చి ‘కోశేంద్ర’ కావాలిగా?

పాతప్రతి:
అది సంస్కృతం లెక్క. బౌద్ధ గ్రంథాల భాష పాళీలో మహా + ఇంద ‘మహింద’ అవుతుంది. ఆ పక్కనున్న ‘మహిన్తరా’నే చూడండి. కోస + ఇంద కూడా కోసింద కావచ్చు.

అమరం అభిమాని:
సంధి దాకా పోనక్కర్లేదు. “మహేంద్రగుగ్గులూలూకవ్యాలగ్రాహిషు కౌశికః” మరిచిపోయారా? కౌశికుడంటే మనకి విశ్వామిత్రుడే గుర్తొస్తాడు గానీ, అమరకోశంలో ఆ మాటకిచ్చిన అర్థాల వరసలో ముందున్నది మహేంద్రుడు. పాళీలో ఔకారం లేదు కాబట్టి కౌశిక ‘కోసియ’ అయింది. బౌద్ధ కథల్లో శక్రుణ్ణి, అంటే ఇంద్రుణ్ణి, పిలిచేదే ఆ పేరుతో. రత్తనకోసిన్ అంటే ఇంద్రుడి రత్నం.

పాతప్రతి:
మరి వెంటనే ‘మహేంద్ర’ ఎందుకు? ఒక పేరులో ఇంద్రుడు రెండుసార్లా? పునరుక్తి కాదూ?

సుఖుమ్‌విత్ నుంచి:
రెండు కాదు, మూడు. నేను బ్యాంకాక్ వచ్చి తొమ్మిదేళ్లు. పేరు చివర “సక్కతత్తియ విత్సనుకమ్ ప్రసిత్” అని ఉంటుంది. శక్రుడు ఇచ్చినది, విశ్వకర్మ కట్టినది అని అర్థం. అసలు ఆ రత్నం మరకత బుద్ధుడి విగ్రహం. రాజు కాకముందు, సేనాపతిగా ఉన్నప్పుడు మొదటి రాముడే 1779లో మెకాంగ్ ఒడ్డునున్న వియంటియాన్ నుంచి దాన్ని తెచ్చాడు. ఆ విగ్రహం పురాణగాథలో కూడా ఇంద్రుడూ విశ్వకర్మా ఉన్నారు. పాటలీపుత్రంలో బౌద్ధ భిక్షువు నాగసేనుడు వాళ్ల సాయంతోనే దాన్ని చేయించాడని చెబుతారు. ఆ గాథ తెలిశాక ‘కోసిన్’ని బొక్కసం అనడానికి నాకు మనసు రాదు.

గట్టుమీద:
‘విత్సను’ అంటే విష్ణు కదండీ! విష్ణుకర్మ, విశ్వకర్మ ఒకటెలా అవుతాయి?

అమరం అభిమాని:
పాళీలో ఆయన విస్సకమ్మ. ఆ ‘విస్స’ విష్ణువు వైపు ఒరిగింది, అంతే. అది పక్కన పెట్టి పోతన ద్వారక దగ్గరికి రండి. భాగవతం దశమస్కంధంలోనూ ఇదే వరస. శత్రువు ముట్టడి, ఉన్న ఊరు వదలడం, నీళ్ల నడుమ కొత్త ఊరు, దేవశిల్పి పనితనం, ఇంద్రుడు పంపిన సుధర్మ సభ, పారిజాతం. ఆ పట్టణ వర్ణన పైకి చదివి చూడండి, ఒక్క మేడ దాటి ముందుకు పోలేం. ఎన్నిసార్లు చదివినా నాకు కళ్లు చెమరుస్తాయి.

గట్టుమీద:
కుచేలుడు ఆ ఊళ్లో అడుగుపెట్టే చోటు ఇంకా గొప్పది.

పాతప్రతి:
కుచేలుడి దాకా వెళ్తే ఇవాళ్టికి తిరిగి రాలేం. నేనింకా కోశాన్ని వదల్లేదు. వినే జనానికి రెండర్థాలూ అందేలా కట్టిన మాటేమో అది.

సుఖుమ్‌విత్ నుంచి:
ఇక్కడి నిఘంటువులో కోసిన్ అంటే ఇంద్రుడనే ఉందండీ. నాగావళి గారూ, ఇంకో సంగతి. మీరు రాసిన ‘అమోన్’ నాలుగో రాముడి మార్పు. అంతకు ముందు అక్కడ ‘బవోన్’ ఉండేది. పాళీ ‘పవర’, మన ‘ప్రవర’.

నాగావళి:
మాస్టారు ‘అమోన్’ అనే అనేవారు, అది రూఢి. కానీ ‘కోసిన్’ అన్నప్పుడు ‘సీ’ అని దీర్ఘం తీసేవారని ఇప్పుడు అనిపిస్తోంది. అయుత్తయా నుంచి శక్రుడి దాకా మధ్య భాగం మాత్రం ఇంకా ఎవరూ చెప్పలేదు.