గంటలో అయిపోయే రైల్ షూటర్‌కి వెయ్యి రూపాయలు పెట్టొచ్చా?

కర్నూలు_కంట్రోలర్:
అన్నలారా, స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల షాపులో 'ద హౌస్ ఆఫ్ ద డెడ్: రీమేక్' అనే జాంబీలను కాల్చే గేమ్ కొందామా వద్దా అని చూస్తున్నా. ఉన్నవి నాలుగే చాప్టర్లు, గంటకే అయిపోతుందంటున్నారు. నా బడ్జెట్ వెయ్యి. అదే డబ్బుకి సేల్‌లో యాభై గంటలు ఆడే గేములు రెండు వస్తాయి. ల్యాప్‌టాప్, మౌస్, ఎల్‌ఈడీ టీవీ ఉన్నాయి. తమ్ముడితో కలిసి ఆడాలి. టీవీకి గురిపెట్టి కాల్చే గన్ కూడా కొనాలా?

అనంత_ఆర్కేడ్:
గంటల లెక్కన రైల్ షూటర్‌ను తూకం వేస్తే ఏదీ గిట్టదు తమ్ముడూ. ఇవి ఆర్కేడ్‌లో కాయిన్ వేయించుకోడానికి పుట్టిన గేములు. కెమెరా దానంతట అదే పోతుంది, మన పని గురి పెట్టడమే. అందుకే ఏ జాంబీ ఎక్కడి నుంచి లేస్తాడో గుర్తుపెట్టుకుని మళ్లీ మళ్లీ ఆడితేనే మజా.

చచ్చిన ప్రతిసారీ కంటిన్యూ కొట్టుకుంటూ పోతే నిజంగానే గంటలో క్రెడిట్స్ పడతాయి, నువ్వు నేర్చుకున్నదేమీ ఉండదు. మొదటి చాప్టర్‌ను కంటిన్యూ లేకుండా దాటగలిగాకే రెండోదానికి వెళ్లు. జాంబీల మధ్య చిక్కుకున్న సైంటిస్టుల మీద కన్నేసి ఉంచు. కొన్నిచోట్ల వాళ్లను కాపాడితే ఒక దారి, కాపాడకపోతే ఇంకో దారి తెరుచుకుంటుంది. తొందరలో వాళ్లనే కాల్చావంటే నీ లైఫ్ ఒకటి పోతుంది. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. బాస్ వచ్చేముందు బలహీనమైన చోటు ఏదో స్క్రీన్ మీదే చూపిస్తారు. చాలామంది దాన్ని స్కిప్ చేసి, తర్వాత ఒళ్లంతా కాలుస్తూ కూర్చుంటారు.

ఇదంతా ఓపిగ్గా చేసేవాడివైతే వెయ్యి దండగ కాదు. ఒక్కసారి ఆడి పక్కన పడేసే రకమైతే కొనకు.

కడప_కన్సోల్:
అన్న చెప్పింది సరే గానీ, ఫుల్ రేటు పెట్టి కొనాల్సిన పని ఏముండాది? 1995లో వచ్చిన పంజర్ డ్రాగూన్ అనే ఇంకో రైల్ షూటర్ కూడా ఏకబిగిన కూర్చుంటే అయిపోయేదే. పాతదానికి రంగులేసి అమ్మేటప్పుడు రేటు కూడా అట్లే ఉండాల కదా! పెద్ద దర్గా ఉరుసులో బెలూన్లు కాల్చేదానికి ఎవరైనా వెయ్యి పెడతారా?

హోర్డ్ మోడ్ ఉందని గొప్పగా చెప్తారు. అవే చాప్టర్లు, జాంబీలే మందలు మందలుగా వస్తారు, అంతే. పాత ల్యాప్‌టాప్ అయితే ఆ గుంపుకు ఫ్రేములు పడిపోయి బొమ్మ ఆగి ఆగి కదులుతాది, ముందు గేమ్ సెట్టింగ్స్‌లో షాడోస్ తగ్గించుకో. నా మాట వింటే విష్‌లిస్ట్‌లో పెట్టి జూన్ ఆఖరులోనో డిసెంబర్ ఆఖరులోనో వచ్చే సేల్ దాకా ఆగు. నాలుగైదు వందలకు వచ్చిందంటే కళ్లు మూసుకుని కొను.

కర్నూలు_కంట్రోలర్:
మరి గన్ సంగతి? పాత ప్లేస్టేషన్ గన్ ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతోంది.

అనంత_ఆర్కేడ్:
దాని జోలికి పోకు. ఆ గన్‌లు డబ్బా టీవీలో గీత గీతగా బొమ్మ పడే సమయాన్ని పట్టుకుని గురి లెక్కేసేవి. ఎల్‌ఈడీ టీవీలో బొమ్మ అలా పడదు, పైగా ఆలస్యంగా పడుతుంది. ట్రిగ్గర్ నొక్కితే ఎక్కడా తగలదు. ఇప్పటి టీవీలకు పనిచేసేవి వేరే. సిండెన్ గన్‌లో కెమెరా ఉంటుంది, బొమ్మ చుట్టూ ఉన్న తెల్ల అంచును చూసి గురి తెలుసుకుంటుంది. గన్‌ఫర్‌ఐఆర్ అనే ఇంకో రకం గన్‌కు టీవీ చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు అతికించాలి. వెయ్యి రూపాయల గేమ్ కోసం అంత ఖర్చు అనవసరం, మౌస్ చాలు.

విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో 'ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్' టిక్ తీసెయ్. అది ఉంటే చెయ్యి వేగంగా కదిపినప్పుడు గురి ఎక్కువ దూరం జారుతుంది. టీవీలో గేమ్ మోడ్ పెట్టు, లేదంటే బొమ్మకు మెరుగులు దిద్దుతూ కూర్చుని లేటు చేస్తుంది. అప్పటికీ లాగ్ అనిపిస్తే, గేమ్ సెట్టింగ్స్‌లో బొమ్మ చిరిగినట్టు కనపడకుండా చూసే వి-సింక్ ఉంటుంది, దాన్ని ఆపి చూడు. తమ్ముడికి కంట్రోలర్ తప్పదు, రెండు మౌస్‌లు గుచ్చినా విండోస్‌లో కదిలేది ఒక్క బాణమే. స్టిక్‌తో గురి నెమ్మది కాబట్టి అతనికి సెన్సిటివిటీ పెంచు.

కడప_కన్సోల్:
ఇంకోటి. స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపల, 2 గంటల కన్నా తక్కువ ఆడుంటే రీఫండ్ అడగొచ్చు. గేమ్ పాజ్‌లో పెట్టి అన్నానికి పోయినా ఆ టైము లెక్కలోకే వస్తాది. గంట గేమ్ కాబట్టి పూర్తి చేసి డబ్బు వెనక్కి తీసుకుందామనుకునేవాళ్లూ ఉన్నారు. అలవాటుగా చేస్తే స్టీమ్ ఆ వెసులుబాటే తీసేయొచ్చు. మొదటి చాప్టర్ ఒక్కటి ఆడు. రెండోసారి ఆడబుద్ధి కాకపోతే అప్పుడే రీఫండ్ పెట్టేయ్.